పల్లమెరగని నీళ్ళు

నీరు పల్లమెరుగు అంటారు.
ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఒక్క మాట మీదే నా కూడు.
కానీ థండర్ బేలో, టమరాక్ వీధి చివరింట్లో,
ఊరి మురుగులోకి పోయే గొట్టం
బేస్‌మెంట్ గోడకి నా నడుమెత్తున ఉంది.
దానికింద కాపురం పెట్టదలచిన మనిషి
తన నీళ్ళకి ఎక్కడం నేర్పించుకోవాలి.

రైమో వేలు పెట్టి చూపించాడు:
ఇక్కడ టాయిలెట్, అక్కడ సింకు, ఆ మూల షవరు.
"పైకెళ్ళే పనే ఉండకూడదు."
పైన ఐలా ఉంటుంది.
విడాకుల కాగితాలు అయిపోయాయి, ఇల్లు అమ్ముడుపోలేదు.
మిల్లు మూసిన ఏడాది ఎవరు కొంటారు?

నేల కోశాం.
నా దగ్గర పని నేర్చుకునే థియో
కాంక్రీటు ముక్కల్ని బకెట్లకెత్తి మోశాడు,
పదమూడు మెట్లు, నూట నలభై బకెట్లు.
అడుగున ఎర్ర బంకమన్ను, పాతబావి వాసన.
అడుగుకి పావంగుళం వాలున గొట్టాలు పరిచాం.
ఇక్కడి నీళ్ళకీ ముందు పల్లమే, తొట్టిదాకా.
తొట్టిలో పంపు, పంపు పక్కన
నీటితోపాటు లేచే బుడ్డి.
మూత బిగించేముందు రైమో తొంగిచూశాడు.
"ఇంతేనా?"
ఇంతే. నిండితే లేస్తుంది, తోడిపోస్తుంది, పడుకుంటుంది.
ఒంటరి మనిషికి సరిపడా
ఎత్తిపోతల పథకం.

చిక్కు గాలితో వచ్చింది.
మురుగుకి దారి ఇస్తే చాలదు, ఊపిరీ ఇవ్వాలి.
మూడంగుళాల గొట్టం కప్పు దాటి
ఆకాశంలోకి నోరు తెరవాలి.
దారి ఒక్కటే, ఐలా పడకగదిలో కోట్లు తగిలించే అలమర.
రైమో అడగనన్నాడు. నేనే మెట్లెక్కి అడిగాను.
ఆమె కాఫీ కప్పు కింద పెట్టి, అలమర తీసి,
ఎడమవైపువన్నీ చేతుల్నిండా ఎత్తి
మంచం మీద పడేసింది.
అన్నీ మగ కోట్లే.
"ఇటువైపు వేసుకో," అంది. "ఎలాగూ అతని వైపే."

పది రోజులకి ఫోను.
పంపు ఆగిన ప్రతిసారీ
వెనక్కి జారబోయే నీళ్ళని వాల్వు రెక్క ఆపుతుంది,
ఠప్‌మని.
ఆ ఠప్పు గొట్టం పట్టుకుని ఎక్కి
ఆమె దిండు వెనక గోడలో మోగుతోంది.
"రాత్రి రెండింటికొకటి. నాలుగింటికొకటి.
మొన్న ఐదు దాటినా మోగలేదు," అంది.
లెక్కపెడుతోందని నాకు అప్పుడు తెలిసింది.
ఆమెకి ఇంకా తెలీదు.

చప్పుడు చెయ్యని వాల్వు ఉంది.
నలభై డాలర్లు ఎక్కువ, గంట పని. వేసెయ్యనా?
గోడకేసి చాలాసేపు చూసింది.
"ఇంకో నెల చూద్దాం."

ఫిబ్రవరిలో మంచువాన కురిసి తీగలు తెగాయి.
కరెంటు లేని పంపు, తొట్టిలో రాయి.
పైన నీళ్ళు ఎప్పట్లాగే పల్లమెరిగి పోతాయి,
కింద నాలుగు ఫ్లష్‌లకే గుంటకి గొంతుదాకా.
బ్యాటరీ అలారం ఒక్కటే కీచుమంటూ కూర్చుందట.
నేను చూడలేదు, బాకీ అడగడానికెళ్ళి థియో విన్నది:
రెండు రాత్రులు రైమో
భుజాన తువ్వాలు, పళ్ళమధ్య టార్చిలైటుతో
పదమూడు మెట్లూ ఎక్కి తలుపు కొట్టాడు,
తన చేత్తో తానే గడియ బిగించిన తలుపు.
"కొట్టక్కర్లేదు," అందట లోపల్నించి,
"అలారం వింటూనే ఉన్నా."

కలిసిపోయారనుకునేరు.
కరెంటు వచ్చిన పూట అతను దిగిపోయాడు.
నా బిల్లు రెండు చెక్కులుగా వచ్చింది,
ఒకే చిరునామా, చెరిసగం, సెంటు తేడా లేకుండా.

వాల్వు సంగతి మళ్ళీ
ఎవరూ ఎత్తలేదు.